మంచినూనె ఎంత మంచిది?



పొయ్యి మీద మూకుడు వేడెక్కుతుంది. ఇల్లాలు నూనె సీసా అందుకుని వంచుతుంది. ఎంత పోసింది? కొలత లేదు. చెయ్యే కొలత. అత్త చెయ్యి చూసి కోడలు నేర్చుకుంది. కోడలి చెయ్యి చూసి కూతురు నేర్చుకుంటుంది. బియ్యాన్ని సోలతో కొలుస్తారు. ఉప్పు చిటికెడు ఎక్కువైతే ఇంటిల్లిపాదీ గోల చేస్తారు. నూనె గరిటెడు ఎక్కువైతే మాత్రం కూర బాగుందంటారు. ఈ రోజు మాటలన్నీ ఆ నూనె గురించే.

తెలుగులో మంచినూనె అనే మాట ఉంది. చాలా చోట్ల నువ్వుల నూనెను అలా అంటారు. కొన్ని ఊళ్లలో వంటకు వాడే నూనె ఏదైనా మంచినూనే. లాంతరుకు కిరసనాయిలు, తలకు ఆముదం, నోటికి మంచినూనె. పేరులోనే మంచి ఉంది. మరి అది ఒంటికి ఎంత మంచిది? ఎప్పుడు చెడ్డదవుతుంది?

ముందు ఒక మాట. నూనె ఒంటికి కావాలి. ఈ మధ్య గుండెజబ్బు భయంతో కొంతమంది నూనె పూర్తిగా మానేస్తున్నారు. అది తెలివైన పని కాదు. నూనెలో కొన్ని రకాల కొవ్వు ఆమ్లాలు ఉంటాయి. వాటిని మన ఒళ్లు సొంతంగా తయారుచేసుకోలేదు. తిండిలోంచే రావాలి. అవి లేకపోతే చర్మం పొడిబారి పొలుసులు లేస్తుంది. పిల్లల ఎదుగుదల ఆగుతుంది.

ఇంకొక సంగతి. మునగాకు, తోటకూర, క్యారెట్, బొప్పాయి, వీటిలో కెరోటిన్ అనే పదార్థం ఉంటుంది. ఒంట్లోకి వెళ్లాక అది ఎ విటమిన్‌గా మారుతుంది. ఎ విటమిన్ లేకపోతే పిల్లలకు రేచీకటి వస్తుంది. అయితే ఈ కెరోటిన్ నీళ్లలో కరగదు. కొవ్వులోనే కరుగుతుంది. ఆకుకూరను ఉత్త నీళ్లలో ఉడకబెట్టి పెడితే అందులో ఉన్న బలం చాలావరకు ఒంటికి పట్టకుండానే పోతుంది. కాస్త నూనెతో తాలింపు పెడితే పడుతుంది. పాతకాలం వాళ్లకు కెరోటిన్ పేరు తెలియదు. తాలింపు మాత్రం మానలేదు.

పసిపిల్లల సంగతి మరీ ముఖ్యం. ఏడాది బిడ్డ పొట్ట ఎంతుంటుంది? గుప్పెడంత. ఆ పొట్టలో పలచని జావ పోస్తే నిండిపోతుంది, బలం మాత్రం రాదు. అదే జావలో, అదే పప్పన్నంలో ఒక చెంచా నూనో నెయ్యో కలిపితే అంత చిన్న పొట్టలోకే ఎక్కువ శక్తి వెళ్తుంది. ఒక గ్రాము పిండిపదార్థం 4 కేలరీల శక్తి ఇస్తుంది. ఒక గ్రాము నూనె 9 కేలరీలు ఇస్తుంది. రెట్టింపు కన్నా ఎక్కువ. తాతకు గుండెజబ్బు వచ్చిందని ఇంట్లో మనవడి గిన్నెలో కూడా నూనె తగ్గించకూడదు.

బిడ్డకు మేలుచేసే ఆ 9 కేలరీలే, కుర్చీలో కూర్చుని పనిచేసే పెద్దవాళ్లకు బరువవుతాయి. మరి ఎంత తినాలి?

హైదరాబాదు తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో తమిళనాడులోని కూనూరులో ఒక చిన్న గదిలో అది మొదలైంది. 1958లో హైదరాబాదు వచ్చింది. మన దేశంలో ఎవరు ఎంత తినాలో లెక్కలు కట్టేది ఆ సంస్థే. కూర్చుని పనిచేసే మగవాళ్లకు రోజుకు 25 గ్రాములు, ఆడవాళ్లకు 20 గ్రాములు చాలునని ఆ లెక్క చెబుతుంది. పొలంలో, రాళ్లు మోసే చోట ఒళ్లు వంచి కష్టపడే మగవాళ్లకు 40, ఆడవాళ్లకు 30. నూనె, నెయ్యి, వెన్న, డాల్డా అన్నీ కలిపిన లెక్క ఇది. ఒక టీ చెంచాలో 5 గ్రాములకు కాస్త తక్కువ నూనె పడుతుంది. అంటే కూర్చుని పనిచేసే మనిషికి రోజు మొత్తానికి నాలుగైదు చెంచాలు.

చెంచాలతో కొలవటం ఎవరివల్ల అవుతుంది? నిజమే. అందుకు ఒక తేలిక ఉపాయం ఉంది. నూనె ప్యాకెట్ తెచ్చిన రోజు తేదీ దానిమీద పెన్నుతో రాసిపెట్టండి. రాయటం ఇప్పుడు వచ్చింది గదా! లీటరు నూనె బరువు కిలో ఉండదు. 910 గ్రాముల చుట్టూ ఉంటుంది. పెద్దవాళ్లు నలుగురున్న ఇంట్లో, తలకు 25 గ్రాముల చొప్పున, లీటరు ప్యాకెట్ 9 రోజులు రావాలి. 5 రోజులకే ఖాళీ అయిందంటే తలకు 45 గ్రాములు లోపలికి వెళ్తోందన్నమాట. బయట తిన్న బజ్జీలు, మిక్చర్, బిస్కెట్ల నూనె ఈ లెక్కలోకి రాలేదు.

మన దేశం మొత్తం మీద చూసినా అంతే. నీతి ఆయోగ్ 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం ఏడాదికి తలకు 19 కిలోలకు పైగా వంటనూనె ఖర్చవుతోంది. రోజుకు 50 గ్రాములు దాటినట్టు. అందులో సగానికి పైగా బయటి దేశాల నుంచి కొన్నదే. ఒకప్పుడు నూనె చాలక జబ్బు పడ్డారు. ఇప్పుడు ఎక్కువై పడుతున్నారు. రెండో రకం వాళ్ల పక్క వీధిలోనే మొదటి రకం వాళ్లు ఇంకా ఉన్నారు.

ఇక ఏ నూనె మంచిది? ఎక్కడ ఈ మాట వచ్చినా జనం అడిగేది ఇదే. నూనెలో కొవ్వు అంతా ఒకటే రకం కాదు. కొంత గట్టి కొవ్వు. చల్లబడితే పేరుకుంటుంది. దాన్ని సంతృప్త కొవ్వు అంటారు. ఇది ఎక్కువైతే రక్తంలో చెడ్డ కొలెస్టరాల్ పెరుగుతుంది. గుండె నాళాలు పూడుకుంటాయి. కొబ్బరినూనెలో నూటికి 90 పాళ్లు ఈ రకమే. పామోలిన్‌లో నూటికి 45 పాళ్ల చుట్టూ ఉంటుంది. వేరుశనగ, తవుడు నూనెల్లో 20 చుట్టూ. నువ్వుల నూనెలో 15. పొద్దుతిరుగుడు, కుసుమ నూనెల్లో ఇంకా తక్కువ.

అలాగని పొద్దుతిరుగుడు నూనె ఒక్కటే పట్టుకుని కూర్చోవాలా? అక్కర్లేదు. ఒక్కో నూనెలో ఒక్కో గుణం ఉంది, ఒక్కో లోటు ఉంది. అందుకే ఒకే నూనె ఏళ్ల తరబడి వాడకుండా మార్చి మార్చి వాడమని పోషకాహార సంస్థ చెబుతుంది. ఒక నెల వేరుశనగ, ఇంకొక నెల పొద్దుతిరుగుడో తవుడు నూనో. పచ్చళ్లకు, పొడులకు ఎలాగూ నువ్వుల నూనె ఉంది. అది త్వరగా ముక్కిపోదు. ఆవకాయకు దాన్నే ఎందుకు పోస్తారో ఆవకాయ పెట్టిన వాళ్లనడిగితే చెబుతారు.

పామాయిల్ పేరెత్తితే కొంతమంది మొహం తిప్పుకుంటారు. ఏలూరు, పశ్చిమ గోదావరి జిల్లాల్లో, అశ్వారావుపేట వైపు ఆ తోటలే రైతుకు ఆధారం. రేషన్ షాపుల్లో ఏళ్ల తరబడి పామోలిన్ ఇచ్చారు. పేదింట్లో పిండివంట కనబడిందంటే దాని పుణ్యమే. అది విషం కాదు. గట్టి కొవ్వు ఎక్కువ ఉన్న నూనె, అంతే. కొద్దిగా వాడితే, మరో నూనెతో మార్చి వాడితే భయం లేదు. అసలు భయం వేరే ఉంది. చవక గనక హోటళ్లలో, బేకరీల్లో, ప్యాకెట్ తిండిలో అంతా అదే పోస్తారు. తినేవాళ్లకు తెలియకుండానే లోపలికి వెళ్తుంది.

కొలెస్టరాల్ లేని నూనె అని డబ్బాల మీద పెద్ద అక్షరాలతో రాస్తారు. అది చదివి నాలుగు రూపాయలు ఎక్కువ పెట్టి కొంటారు. వేరుశనగ గింజలో ఏనాడు కొలెస్టరాల్ ఉంది? నువ్వులో ఉందా? కొలెస్టరాల్ జంతువుల కొవ్వులో ఉండేది. గింజల నూనెలో ఉందని చెప్పుకునేంత ఉండదు. లేనిదాన్ని లేదని చెప్పి అమ్ముకోవటమే ఆ రాతలోని తెలివి.

ఇప్పుడు డాల్డా కథ. ఇది కాస్త నిదానంగా వినాలి.

నెయ్యి ఖరీదు. నూనె చవక. నూనెనే నెయ్యిలా గడ్డకట్టిస్తే? 1900 తర్వాత కొద్ది ఏళ్లకే యూరపులో ఈ పద్ధతి కనిపెట్టారు. నూనెను వేడిచేసి, నికెల్ అనే లోహపు పొడి కలిపి, అందులోకి హైడ్రోజన్ వాయువు ఎక్కిస్తారు. పలచని నూనె గడ్డ కడుతుంది. రంగు తెలుపు. చాలా రోజులు చెడదు. దాన్నే మన దేశంలో వనస్పతి అన్నారు. 1937లో ఒక కంపెనీ డాల్డా అనే పేరుతో అమ్మకం మొదలుపెట్టింది. తర్వాత ఎవరి వనస్పతి అయినా జనం నోట్లో డాల్డానే అయింది. పెళ్లి లడ్డూలు డాల్డా. హోటలు పూరీ డాల్డా. ఖాళీ డబ్బా కూడా వదల్లేదు. అందులో తులసి మొక్క పెట్టారు, నీళ్లు తోడారు.

దీన్ని నెయ్యిలో కలిపి మోసం చేస్తున్నారని గాంధీగారు కూడా కోప్పడ్డారు. కల్తీ పట్టుకోవటానికి సర్కారు ఒక ఉపాయం చేసింది. ప్రతి వనస్పతిలోనూ నూటికి 5 పాళ్లు నువ్వుల నూనె కలపాలని రూలు పెట్టింది. నువ్వుల నూనె ఉన్న నెయ్యిలో ఆమ్లం, చక్కెర వేసి కలిపితే ఎర్రగా మారుతుంది. దొంగ దొరుకుతాడు. అప్పట్లో అందరి దృష్టీ కల్తీ మీదే. వనస్పతే ఒంటికి చెడు చేస్తుందేమోనన్న అనుమానం ఉన్నా, రుజువు లేదు.

రుజువు 1990లో హాలండు నుంచి వచ్చింది. నూనెను సగం గడ్డకట్టించినప్పుడు అందులో కొంత భాగం మెలికపడి కొత్త రకం కొవ్వుగా మారుతుంది. దాని పేరు ట్రాన్స్ కొవ్వు. అక్కడి పరిశోధకులు కొంతమందికి మూడేసి వారాలు ఒక్కో రకం కొవ్వు ఉన్న తిండి పెట్టి రక్తం పరీక్ష చేశారు. ట్రాన్స్ కొవ్వు తిన్నప్పుడు చెడ్డ కొలెస్టరాల్ పెరిగింది. సరే, నెయ్యి తిన్నా అది పెరుగుతుంది. కానీ ట్రాన్స్ కొవ్వు అంతటితో ఆగలేదు. గుండెను కాపాడే మంచి కొలెస్టరాల్‌ను కూడా తగ్గించింది. రెండు వైపులా దెబ్బ. నెయ్యికి బదులు ఆరోగ్యమని కొందరు తిన్న డాల్డా, నెయ్యి కన్నా చెడ్డదని తేలింది.

2003లో డెన్మార్క్ దేశం ట్రాన్స్ కొవ్వుకు చట్టంతో కళ్లెం వేసింది. మన దేశంలో ఆ పని మెల్లగా జరిగింది. మొదట నూనెల్లో, కొవ్వుల్లో నూటికి 10 పాళ్లు మించకూడదన్నారు. తర్వాత 5 అన్నారు. 2021 జనవరి నుంచి 3 చేశారు. 2022 జనవరి నుంచి 2 మించకూడదు. రుజువు దొరికిన 32 ఏళ్లకు! ఆ 32 ఏళ్లలో ఎన్ని పెళ్లిళ్లు, ఎన్ని పండుగలు, టీ కొట్టులో ఎన్ని బిస్కెట్లు.

ఇప్పుడు డబ్బాల్లో ట్రాన్స్ కొవ్వు తగ్గింది. అయితే గడ్డకట్టాలి గదా. అందుకని పామాయిల్‌లోని గట్టి కొవ్వు వాడుతున్నారు. మెలిక కొవ్వు పోయినా గట్టి కొవ్వు పోలేదు. కాబట్టి కర్రీపఫ్, ఖారీ బిస్కెట్, క్రీము కేకు ఇప్పటికీ రోజూ తినే తిండి కాదు.

ఈ మెలిక కొవ్వే మరిగి మరిగిన నూనెలో కూడా కొంత పుడుతుంది. దాని సంగతి చూద్దాం.

సాయంత్రం బస్టాండు దగ్గర బజ్జీల బండి. మూకుడులో నూనె టీ డికాక్షన్ రంగులో ఉంటుంది. నిన్నటి నూనెలో ఈ రోజు కొత్త నూనె పోశారు. మొన్నటిది నిన్నటి దానిలో ఉంది. అడుగున ఉన్నది ఏ వారానిదో! ఆ బండి అమ్మను తిట్టి ప్రయోజనం లేదు. రెండు లీటర్ల నూనె రోజూ పారబోస్తే ఆమెకు మిగిలేది ఏమీ ఉండదు.

మరిగిన కొద్దీ నూనె విరిగిపోతుంది. చిక్కబడుతుంది, నురగ కడుతుంది, త్వరగా పొగ వస్తుంది, గొంతులో గరగర పెడుతుంది. అలా విరిగి పుట్టిన పదార్థాలు రక్తనాళాలకు, కాలేయానికి చెడు చేస్తాయి. 2018 జూలై నుంచి మన దేశంలో దీనికీ ఒక హద్దు ఉంది. విరిగిన పదార్థాలు నూటికి 25 పాళ్లు దాటితే ఆ నూనె వాడకూడదు. ఒక నూనెను మూడుసార్లకు మించి కాచకూడదని ఆహార భద్రతా సంస్థ చెబుతుంది. పాత నూనె కొని బయోడీజిల్ చేసే ఏర్పాటు కూడా ఆ ఏడాదే మొదలైంది. పెద్ద హోటళ్లకు అది అందింది. బండ్ల దాకా రావాలి.

తినేవాళ్ల సంగతి సరే, వేయించేవాళ్ల సంగతి? ఎక్కువ వేడిమీద వేపుడు చేసేటప్పుడు వచ్చే పొగను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ, బహుశా క్యాన్సర్ తెప్పించే వాటి జాబితాలో చేర్చింది. తినేవాడు నాలుగు బజ్జీలు తిని బస్సెక్కుతాడు. బండి అమ్మ రోజుకు ఐదారు గంటలు ఆ పొగలోనే నిలబడుతుంది. గాలి ఎటు వీస్తోందో చూసుకుని పొయ్యికి ఇటు పక్క నిలబడటం, పొగ లేవకముందే మంట తగ్గించటం, చిన్న మూకుడు పెట్టి కొద్ది నూనెతోనే వేయించటం, ఇవి ఖర్చు లేని పనులు. చిన్న మూకుడైతే రాత్రికి మిగిలేదీ తక్కువే.

ఇంట్లో గారెలు, పూరీలు చేశాక మిగిలిన నూనెను వడగట్టి, ఒకటి రెండు రోజుల్లో కూర తాలింపులకు వాడెయ్యాలి. మళ్లీ వేపుడుకు పెట్టకూడదు. కొత్త నూనె సీసాలో కలపనే కూడదు.

ఇక గానుగ నూనె. ఒకప్పుడు ఎద్దు తిప్పిన గానుగ ఇప్పుడు మోటారుతో తిరుగుతోంది. పట్నంలో సందుకొకటి వెలిసింది. ధర మామూలు నూనెకు రెట్టింపు దాకా ఉంటుంది. రిఫైన్డ్ నూనె విషమని, గానుగ నూనె అమృతమని బోర్డులు రాస్తారు. రెండూ ఎక్కువ మాటలే. రిఫైన్డ్ చేసేటప్పుడు నూనె వాసన, రంగు, కొంత ఇ విటమిన్ పోతాయి. గానుగ నూనెలో అవి ఉంటాయి. ఇంతవరకు నిజం. కొవ్వు మాత్రం రెండింటిలోనూ అంతే. గానుగదని చెప్పి రెండు గరిటెలు ఎక్కువ పోస్తే ఒళ్లు ఊరుకోదు.

గానుగ దగ్గర చూడవలసింది గింజ. వేరుశనగ రైతులకు ఇది తెలిసిన విషయమే. కాయ పీకే వేళకు వాన పడితే తడిసిన కాయకు బూజు పడుతుంది. ఆ బూజులో అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. అది కాలేయానికి క్యాన్సర్ తెస్తుంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు ఒక్కసారిగా చచ్చిపోయాయి. దాణాలో కలిపిన బూజు పట్టిన వేరుశనగ చెక్కే దానికి కారణం. అప్పుడే ఈ విషం బయటపడింది.

మన ఇళ్లలో ఏం జరుగుతుంది? మంచి గింజ అమ్మకానికి పోతుంది. ముడుచుకున్నది, నల్లబడ్డది గానుగకు పోతుంది. నూనెలోకి కొంత విషం వస్తుంది. ఎక్కువ భాగం చెక్కలో ఉండిపోతుంది. ఆ చెక్క గేదె తింటుంది. గేదె పాలలోకి మళ్లీ కొంత వస్తుంది. ఆ పాలు బిడ్డ తాగుతుంది. రిఫైన్డ్ చేసేటప్పుడు ఈ విషం పోతుంది. గానుగలో పోదు. అందుకని గానుగకు తీసుకెళ్లే గింజను చేటలో పోసి ఏరాలి. కాయ ఊపితే గలగలమనేదాకా ఎండబెట్టాలి. బూజు పట్టిన గింజను గేదెకు కూడా పెట్టకూడదు.

కల్తీ గురించి చెప్పకపోతే ఈ మాటలు పూర్తికావు. 1998 ఆగస్టులో ఢిల్లీలో జనానికి కాళ్లు ఉబ్బటం మొదలైంది. ఆయాసం, విరేచనాలు, కొందరికి కంటిచూపు మందగించటం. ఒకే ఇంట్లో నలుగురికి, ఐదుగురికి ఒకేసారి. వాళ్లంతా వాడింది ఆవనూనె. అందులో బ్రహ్మదండి గింజల నూనె కలిసింది. బ్రహ్మదండి మన చేల గట్ల మీద కూడా ఉంటుంది. ముళ్ల ఆకులు, పసుపుపచ్చ పూలు. గింజ అచ్చం ఆవగింజలా నల్లగా ఉంటుంది. ఆ ఏడు 60 మందికి పైగా చనిపోయారు. వేలమంది మంచాన పడ్డారు. అంతకు పదేళ్ల ముందు, 1988లో, కలకత్తా బెహాలాలో వంటనూనెలో ఒక కర్మాగారపు రసాయనం కలిసింది. వందలమందికి కాళ్లు పడిపోయాయి. 

సీసా పట్టుకెళ్లి విడినూనె కొంటే ఈ ప్రమాదం ఉంది. అది ఎక్కడ తయారైందో, ఎప్పుడు తయారైందో, ఏం కలిసిందో అడగటానికి కాగితం ఉండదు. పావు లీటరు కొనే స్తోమతే ఉంటే చిన్న ప్యాకెట్లు అడగండి. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి కాళ్లకు నీరు దిగితే ఆ నూనె ఆపెయ్యండి. మిగిలిన నూనెను పారబొయ్యకుండా ఆసుపత్రికి పట్టుకెళ్లండి. పరీక్షకు అదే ఆధారం.

ప్యాకెట్ కొన్నాక దాని వెనక వైపు చూడండి. ముందు వైపు వేరుశనగ కాయల బొమ్మ ఉంటుంది. వెనక చిన్న అక్షరాల్లో వేరే సంగతి ఉండవచ్చు. రెండు రకాల నూనెలు కలిపి అమ్మటానికి చట్టం ఒప్పుకుంటుంది. ఒక్కొక్కటి నూటికి 20 పాళ్లకు తగ్గకూడదు. ఏది ఎంత కలిపారో రాయాలి. బ్లెండెడ్ అనే మాట కనబడితే అదే. తయారైన తేదీ, ఎన్ని నెలలు వాడవచ్చు, లైసెన్సు నంబరు, బరువు ఉండాలి. ప్లస్ గుర్తు, ఎఫ్ అక్షరం కలిసి ఉంటే అందులో ఎ, డి విటమిన్లు కలిపారని అర్థం.

ఇదంతా చాలావరకు ఇంగ్లీషులో, చీమ తలంత అక్షరాల్లో అచ్చేస్తారు. తెలుగు చదవటం ఇప్పుడిప్పుడే నేర్చుకున్న అక్కకు అదొక గోడ. అంకెలు మాత్రం ఏ భాషలోనైనా ఒకటే. తేదీ చదవవచ్చు, పాళ్లు చదవవచ్చు. మిగతాది కొట్టు శెట్టిగారిని చదివి చెప్పమనండి. ఆయనకూ తెలియకపోతే, ఎనిమిదో తరగతి చదివే పిల్ల ఇంట్లోనే ఉంది. ప్యాకెట్ కత్తిరించి పారెయ్యకముందే ఆ పిల్ల చేతికివ్వండి.